ఏ తరగతికీ చెందని మోత

నా ఇంటి మూల గోడకు టేపు కొన గుచ్చి, రెండో కొన పట్టుకుని పక్కింటి లమ్మర్ట్ వెనక్కి వెనక్కి నడుస్తూ తన పొలంలోకి పోయాడు. డిసెంబరు ముప్పయ్యో తారీకు పొద్దున. గడ్డి మీద మంచు ఇంకా కరగలేదు. నేను వంటింటి కిటికీ తెరిచి చూస్తున్నాను. చూస్తున్నానని అతనికి తెలుసు. నేను చూడాలనే కొలుస్తున్నాడు.

"చట్టం చెప్పినదానికంటే పది అడుగులు ఎక్కువే వదిలాను, చూసుకో తల్లీ!" అని అక్కణ్ణుంచే అరిచాడు. "మళ్ళీ మునిసిపాలిటీ మెట్లెక్కి మోకాళ్ళు అరగదీసుకుంటావేమో."

"ఆ పది అడుగులూ నీ గోతికి దాచుకో నాయనా, పనికొస్తాయి," అన్నాను.

ట్రాక్టరు తొట్టిలో పాత పాల క్యాన్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ గలగలమన్నాయి. వాటి పక్కన వల సంచీలో ఫుట్‌బాళ్ళు. మా డ్రెంథె పల్లెల్లో క్యాన్లలో పాలు పోయడం మానేసి తరం దాటింది, క్యాన్లను మాత్రం ఏ రైతూ పారెయ్యలేదు. క్యానులో తడిపిన కార్బైడ్ ముక్క వేస్తారు. మూతికి బంతి బిగిస్తారు. లోపల గ్యాసు నిండేదాకా ఆగి, అడుగున ఉన్న చిల్లు దగ్గర మంట చూపిస్తారు. బంతి ఎగిరి ఎక్కడో పడుతుంది. ఆ మోతకు మా అల్మైరాలో కప్పులు వాటంతటవే జరిగి అంచుకు వస్తాయి.

బాణసంచా చట్టం నాకు కంఠతా వచ్చు. ఇష్టంతో నేర్చుకోలేదు, కడుపుమంటతో నేర్చుకున్నాను. మొదటి తరగతిలో కాకరపువ్వొత్తులు, నేలకేసి కొడితే టప్పుమనే గింజలు. పన్నెండేళ్ళు నిండిన పిల్లలు ఏడాదిలో ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. రెండో తరగతిలో చిచ్చుబుడ్లు, భూచక్రాలు, పెట్టెలోంచి వరసగా పైకి లేచే షాట్లు. వాటికి పదహారేళ్ళు నిండాలి. ఏడాది చివరి మూడు రోజులే అమ్ముతారు, ఆఖరి రోజు సాయంత్రం ఆరు నుంచి రాత్రి రెండింటి దాకానే కాల్చుకోవాలి. మూడోది మనబోటివాళ్ళ చేతికి రానివ్వరు. నాలుగోది శిక్షణ పొందినవాళ్ళకే. తారాజువ్వల్ని ముందే ఆపేశారు. వచ్చే ఏటికి రెండో తరగతి కూడా మామూలు జనానికి బంద్ అని హేగ్‌లో ప్రభుత్వంవాళ్ళు తీర్మానించారు. అది కూడా నేనే చేయించానన్నట్టు ఊరంతా నన్ను మింగేసేలా చూస్తోంది.

మరి కార్బైడ్ ఏ తరగతి? ఏదీ కాదు. అది వెల్డింగు సరుకు. బాణసంచా చట్టం దాని ముఖం కూడా చూడదు. ఇంటికి ఎంత దూరంలో, ఏ వేళలో పేల్చాలో, ఇనుప మూత కాకుండా బంతే పెట్టాలని మునిసిపాలిటీ నాలుగు ముక్కలు రాసుకుంది, అంతటితో సరి. అరచేతిలో చురుక్కుమనే బుడ్డికి సవాలక్ష ముద్రలు కావాలి. ఊరు దద్దరిల్లించే క్యానుకు ఒక్క ముద్ర అక్కర్లేదు. ఇలాంటి చట్టం రాసినవాళ్ళను పట్టుకొచ్చి ఒక్క పూట నా గుర్రపుశాలలో నిలబెట్టాలని ఉంటుంది.

నా గుర్రం పేరు బ్లెస్. ముసలి ఆడగుర్రం, నుదుట తెల్ల చార. మా ఆయన పోయాక నా ఇంట్లో ఊపిరి తీసుకునే రెండో ప్రాణి అదొక్కటే. మూడేళ్ళ కింద డిసెంబరు ఆఖరి రాత్రి లమ్మర్ట్ తన పెరట్లో రెండో తరగతి పెట్టె ఒకటి వెలిగించాడు. బరువు పెట్టి నిలబెట్టమని దాని మీదే రాసి ఉంటుంది. పెట్టలేదు. పెట్టె పక్కకు ఒరిగింది, షాట్లన్నీ అడ్డంగా నా పచ్చికలోకి దూసుకొచ్చాయి. బ్లెస్ ముళ్ళకంచెను చీల్చుకుని రోడ్డెక్కింది. రొమ్ము చీలిపోయింది. కుట్లు మానాయి గానీ గుండె మానలేదు. "ఇంకోసారి ఇలా బెదిరిందంటే నిలబడదు," అన్నాడు పశువుల డాక్టరు.

"పెట్టె పడింది, నేనేం చెయ్యను? ముద్రలన్నీ ఉన్న సరుకే," అన్నాడు లమ్మర్ట్. క్షమించమన్న మాట అతని నోట రాలేదు. అందుకే నేను మునిసిపాలిటీ మెట్లెక్కాను. ఎక్కీ ఎక్కీ, చివరికి నా పచ్చిక చుట్టూ బాణసంచా కాల్చకూడని వలయం గీయించాను. ఆ వలయంలో లమ్మర్ట్ పెరడు కూడా పడింది. తన గుమ్మం ముందు తను కాకరపువ్వొత్తి తప్ప ఇంకేదీ వెలిగించకూడదు. ఆ ఏడాది అతను నా గేటు ముందుకొచ్చి ఒక కాకరపువ్వొత్తి వెలిగించి, అది ఆరేదాకా నా కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఊరు కూడా తన వంతు తను చేసింది. ఏడాది చివరి రాత్రి కుర్రకారు బయట వదిలేసిన బెంచీలూ బండ్లూ ఈడ్చుకుపోయి ఊరి నడుమ పోగెయ్యడం మా దగ్గర పాత సరదా. నేనేమీ బయట వదిలెయ్యకపోయినా, గేటునే బందుల్లోంచి ఊడబెరికి ఈడ్చుకుపోయారు. పోస్టు డబ్బా తునాతునకలైంది. దాన్ని పేల్చిన టపాకాయ ఏ తరగతిదీ కాదు, ఎవడో సరిహద్దు దాటించి తెచ్చిన దొంగసరుకు. రొట్టెల కొట్లోకి నేను అడుగుపెడితే మాటలు ఆగిపోతాయి. సరే, నేను మాత్రం వాళ్ళతో కబుర్లాడాలని తహతహలాడుతున్నానా?

ఈ ఏడు లమ్మర్ట్ కొత్త ఎత్తు వేశాడు. బాణసంచా వద్దన్నావు కదా, బాణసంచా కానిదే పేలుస్తాను చూసుకో అన్నాడు. ఎప్పుడూ ఊరి కార్బైడ్‌ను కాలువ అవతలి పొలంలో పేల్చేవాళ్ళు. దాన్ని ఈసారి నా ఇంటి వెనక పొలానికి మార్చాడు. రాత్రి ఏవో నాలుగు షాట్లు ఆపించబోయి, పొద్దున పది నుంచి చీకటి పడేదాకా మోత తెచ్చుకున్నాను. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

అతని తల్లి హార్మాకు తొంభై దాటాయి. ఏటా మొదటి క్యానుకు మంట పెట్టేది ఆవిడే. ఆ మధ్యాహ్నం కంచె దగ్గర కర్ర ఊతంగా నిలబడి నన్ను పిలిచింది.

"ఏమే ఫెన్నా, గుర్రం చెవుల్లో దూది పెట్టు. మిగిలింది నీ నోట్లో పెట్టుకో."

"నీ కొడుకు బుర్రలో ఉన్నదంతా దూదేగా పెద్దమ్మా, అక్కణ్ణుంచి తీసుకుంటాలే," అన్నాను.

ముసలమ్మ పళ్ళులేని నోటితో చాలాసేపు నవ్వింది. "మీ అమ్మ నోరే వచ్చింది నీకు," అంటూ లోపలికి పోయింది. ఆ ఇంట్లో నాతో మాట్లాడేది ఆవిడొక్కతే, అదీ తిట్టడానికే.

బ్లెస్‌ను మా చెల్లెలి ఊరికి తరలిద్దామని ఆ సాయంత్రం బండి తెప్పించాను. ముళ్ళకంచె నాటి నుంచి దానికి మూసిన బండి అంటే చచ్చేంత భయం. బండి ఎక్కే పలక మీద కాలు పెట్టగానే ఒళ్ళంతా చెమట పట్టి, ముందు కాళ్ళు మడిచేసింది. బండిని వెనక్కి పంపేశాను. రేపు పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా శాలలోనే ఉంటాను, చెవులకు ఉన్ని టోపీ కడతాను, రేడియో గట్టిగా పెడతాను అనుకున్నాను. నా చెయ్యి మెడ మీద ఉంటే అది తట్టుకుంటుంది.

ముప్పై ఒకటో తారీకు పొద్దున టోపీ తాళ్ళు కడుతుండగా ఎవరో వీధి తలుపు తట్టారు.

మా ఊళ్ళో వీధి తలుపు ఎవరూ తట్టరు. వచ్చేవాళ్ళంతా పెరటి తలుపునే వస్తారు. వీధి తలుపు తెరుచుకునేది పెళ్ళికూతురు దాటడానికి, శవం దాటడానికి, ఆ కబురు రావడానికి. మా ఆయన్ని మోసుకెళ్ళాక నా వీధి తలుపు తెరవలేదు. గడియ బిగుసుకుపోతే కాలితో తన్ని తీశాను. ఎదురుగా లమ్మర్ట్, టోపీ చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"అమ్మ పోయింది," అన్నాడు. "రాత్రి నిద్రలోనే."

మా ఊరి ఆచారం ప్రకారం నేను అతని తొలిపొరుగుని. అతని గుమ్మానికి ఎడమ పక్క మొదటి ఇల్లు నాది. ఇష్టాయిష్టాలతో పని లేదు, పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేంత పగ ఉన్నా సరే, చావు వచ్చిందంటే అంతా తొలిపొరుగు చేతి మీదే నడవాలి. శవానికి స్నానం చేయించాలి, తెరలు దించాలి, గడియారం ఆపాలి. అది అయ్యాక గడపగడపకూ వెళ్ళి కబురు చెప్పాలి. ఇంటివాళ్ళు తమ చావు తాము చెప్పుకోరు. పూడ్చే రోజున శవం బండిని తొలిపొరుగు గుర్రమే లాగాలి. లమ్మర్ట్ తండ్రిని లాగింది నా బ్లెస్సే. శవం ఇంట్లో ఉన్నంతకాలం ఆ చుట్టుపట్ల ఎవరూ చప్పుడు చెయ్యరు.

"వస్తున్నా, పద," అన్నాను.

అతను కదల్లేదు. టోపీని చేతుల్లో తిప్పాడు. "ఒక్క మాట. కబురు సాయంత్రం చెప్పు. చీకటి పడ్డాక."

"ఎందుకూ?"

"జనం వచ్చేస్తున్నారు ఫెన్నా. పక్క ఊళ్ళ నుంచి కూడా. సాసేజీలు పెనం మీద ఉన్నాయి. అమ్మ ఉంటే ఆవిడా ఇదే అనేది."

"ఏమనేది? నన్ను పక్కగదిలో పడేసి, పోయి ఆడుకోరా అనేదా?"

"నీకేదో అమ్మ మీద ప్రేమ పొంగిపోతున్నట్టు మాట్లాడకు," అన్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. "నీకు కావాల్సింది చప్పుడు లేకపోవడం. మా అమ్మ చచ్చి అది నీకు తెచ్చిపెట్టింది. నీ మొహం మీదే కనబడుతోంది, పండగ చేసుకుంటున్నావు."

నిజమే. అమ్మ పోయింది అనగానే నాకు మొదట కలిగింది సంతోషం. పెద్దమ్మ మీద జాలి తర్వాతే వచ్చింది. ఆ సంగతి వీడు కనిపెట్టేశాడని ఒళ్ళు మండిపోయింది.

"కాలువ అవతలి పొలం ఖాళీగానే ఉందిగా," అన్నాను. "నిన్న అక్కడ పెట్టి ఉంటే ఈ రోజు నన్ను బతిమాలే పని నీకు ఉండేదా?"

అతను పొలం వైపు చూశాడు.

"వరస ప్రకారం ముందు స్నానం, తర్వాత కబురు. నేను వరస తప్పను, సాయంత్రం దాకా ఆగనూ ఆగను. నువ్వు పొలానికి పోయి వాళ్ళను ఆపు. ఎందుకని అడిగితే తల దించుకో, వాళ్ళకే అర్థమవుతుంది. నోరు విప్పక్కర్లేదు."

టోపీ పెట్టుకుని పొలం వైపు నడిచాడు. అవుననలేదు, కాదనలేదు. పగవాడే గానీ వీడు కూడా ఈ ఊరివాడే కదా, ఇంట్లో తల్లి శవం పెట్టుకుని పేలుస్తాడా అనుకున్నాను. శాలలోకి వెళ్ళి, చిరాకుపడుతున్న బ్లెస్‌కు టోపీ విప్పేశాను. గడ్డి వేశాను. "ఈ పూటకి నీకు బెంగ లేదే, ముసలమ్మ ఆపేసింది," అని మెడ మీద తట్టి వచ్చాను.

హార్మా పెద్దమ్మ తన మంచం మీద చిన్నపిల్లలా ముడుచుకుని ఉంది. కిటికీ గట్టు మీద గుడ్డ కప్పిన పళ్ళెంలో క్నీపర్లు. పెనం మీద పలచగా, కరకరలాడేలా కాల్చే బిళ్ళలవి. పాత ఏడు అయిపోయేదాకా చదునుగా ఉంచుతారు, కొత్త ఏడు రాగానే చుట్టగా చుడతారు. ముందురోజే కాల్చినట్టుంది. తెర దించాను. గడియారం లోలకం పట్టుకుని ఆపాను. గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి ముఖం తుడిచాను, చేతులు తుడిచాను. "దూది తెచ్చాను పెద్దమ్మా, ఎవరికి పెట్టాలో చెప్పు," అన్నాను. నవ్వు రాబోయి ఏడుపొచ్చింది.

దవడకు గుడ్డ కడుతుండగా మోత వినిపించింది.

కిటికీ అద్దం జిల్లుమంది. పళ్ళెంలో బిళ్ళలు కదిలాయి. తలుపు చప్పుడేమో అని ఒక్క క్షణం నన్ను నేను మోసం చేసుకున్నాను. రెండోది పేలింది. ఆ వెనకే వరసగా మూడూ నాలుగూ, వాటి మీదుగా జనం కేకలు. ముసలమ్మ మీద దుప్పటి కప్పి, తడి చేతులతోనే పరిగెత్తాను.

బ్లెస్ శాల తలుపు విరగ్గొట్టుకుని, పెరట్లో బావి గట్టు దగ్గర పక్కకు పడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నేను తల ఎత్తి ఒళ్ళో పెట్టుకునేసరికి ఇంకొక క్యాను పేలింది. దాని ఒళ్ళు ఒక్కసారి వణికింది. ఆ తర్వాత పేలినవాటికి వణకలేదు.

ఎంతసేపు అక్కడ కూర్చున్నానో తెలియదు. లేచి, నా కోటు దాని ముఖం మీద కప్పి పొలానికి నడిచాను. జనం బీరు గ్లాసులతో, పిల్లాపాపలతో తాడు అవతల నిలబడ్డారు. నన్ను చూడగానే దారి ఇచ్చారు. "వచ్చింది మహాతల్లి, మళ్ళీ కొలవడానికి," అని ఎవరో అన్నారు, కొందరు నవ్వారు. నారింజ రంగు చొక్కా వేసుకున్న మునిసిపాలిటీ మనిషి నాకెదురొచ్చాడు.

"అమ్మా, నేను చూశాను. దూరం సరిపోయింది. వేళ సరిపోయింది. మూతలు కాదు, బంతులే. ఇది బాణసంచా కిందికి రాదు కూడా. మీరు ఫిర్యాదు ఇచ్చినా నేను రాసుకోవడానికి ఏమీ లేదు."

"రాసుకోకు," అన్నాను. "నేను ఫిర్యాదు చెయ్యడానికి రాలేదు. చెప్పడానికి వచ్చాను."

తాడు ఎత్తి క్యాన్ల ముందుకు వెళ్ళి నిలబడ్డాను. చివరి క్యాను దగ్గర లమ్మర్ట్ చేతిలో మండుతున్న కర్రతో ఉన్నాడు. ఏటా తల్లి మొదటి క్యానుకు మంట పెట్టే కర్ర అది. నన్ను చూడగానే మొహం పాలిపోయింది. వద్దన్నట్టు తల ఊపాడు. ఆ తల పొద్దున ఆ జనం ముందు దించి ఉంటే నా గుర్రం బతికేది.

"లమ్మర్ట్ తల్లి హార్మా రాత్రి కన్నుమూసింది," అన్నాను. "తొలిపొరుగుగా చెబుతున్నాను."

అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పకూడదు, చెప్పలేదు. టోపీలు ఒక్కొక్కటే దిగాయి. ఎవరో పిల్లాడి నోరు మూశారు. లమ్మర్ట్ పక్కనే ఉండి కార్బైడ్ తడుపుతున్న బెరెంట్ నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. చిన్నప్పటి నుంచీ ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు.

"రాత్రా?" అన్నాడు బెరెంట్. "ఒరేయ్ లమ్మర్ట్, అమ్మ ఇంకా లేవలేదన్నావే. నీకు తెలుసా? తెలిసే పేల్చమన్నావా?"

బెరెంట్ అతని చేతిలోంచి కర్ర లాక్కుని, మంటను బురదలో తొక్కి ఆర్పేశాడు. తర్వాత ఒక్కో క్యానూ వంచి, నీళ్ళు గడ్డి మీద పారబోశాడు. జనం గ్లాసులు కింద పెట్టి, ఎవరి దారిన వాళ్ళు లమ్మర్ట్ వైపు చూడకుండా వెళ్ళిపోయారు. నేను మిగిలిన కబుర్లు చెప్పడానికి ఊళ్ళోకి నడిచాను. గుర్రం సంగతి ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నానికి అందరికీ తెలిసింది.

కొత్త ఏడు మొదటి రోజున నా పెరటి గుమ్మం దగ్గర చుట్టిన క్నీపర్ల పళ్ళేలు కనిపించాయి. ఇన్నేళ్ళు నన్ను వెలేసినవాళ్ళు పెట్టినవే. వాళ్ళ పగ కంటే వాళ్ళ జాలి నాకు ఎక్కువ కంపరం పుట్టించింది. కోళ్ళకు వేశాను.

పూడ్చడానికి ముందురోజు లమ్మర్ట్ మళ్ళీ వచ్చాడు. ఈసారి పెరటి తలుపు దగ్గర నిలబడ్డాడు. బావి గట్టు పక్కన తొక్కుడు గుర్తులు ఇంకా ఉన్నాయి. వాటి మీద కాలు పడకుండా చుట్టూ తిరిగి రావడం చూశాను.

"బండి సంగతి," అన్నాడు. "గుర్రం..." అని ఆగాడు. "ట్రాక్టరు కడదామనుకుంటున్నా."

"ఈ ఊళ్ళో ఎవరి శవమైనా ట్రాక్టరు మీద పోయిందా?"

"పక్క ఊళ్ళో గుర్రం దొరుకుతుంది. నేను మాట్లాడతాను."

"తొలిపొరుగు గుర్రం లాగాలి. తొలిపొరుగు గుర్రం చచ్చింది. దేనివల్ల చచ్చిందో చెప్పమంటావా, నీకు తెలుసా?"

"మరి ఎవరు లాగుతారు ఫెన్నా?" అన్నాడు. "అమ్మను ఎలా తీసుకెళ్ళాలి?"

"నువ్వు లాగు," అన్నాను.

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే తలుపు మూసేదాన్ని. తల దించుకుని వెళ్ళిపోయాడు.

పూడ్చే రోజు వాన పడుతోంది. వాళ్ళ వీధి తలుపులోంచి పెట్టెను తెచ్చి నల్లబండి మీద పెట్టారు. బెరెంట్ సాయం పట్టబోతే నేను అడ్డంగా నిలబడ్డాను. లమ్మర్ట్ కోటు విప్పి, రెండు కాడి కర్రల మధ్యకు వెళ్ళాడు. బ్లెస్ మెడకు కట్టే తోలుపట్టా నేనే ఇచ్చాను. అతను దాన్ని భుజం మీదుగా వేసుకున్నాడు. దానికింకా గుర్రం వాసన ఉంది.

తొలిపొరుగు బండికి ముందు నడవాలి. నడిచాను. వెనకాల చక్రాలు బురదలో కిర్రుమంటున్నాయి, అతని ఊపిరి వినబడుతోంది. చర్చికి దారి నా పచ్చిక పక్కనుంచే పోతుంది. కంచె దగ్గరికి వచ్చేసరికి చక్రాల చప్పుడు ఆగింది. ఖాళీ పచ్చిక వైపు చూస్తూ ఆగిపోయాడని తిరిగి చూడకుండానే తెలిసింది. వెనక ఊరంతా నిలబడిపోయింది.

నేను వెనక్కి తిరగలేదు. బ్లెస్‌కు చెప్పినట్టే నాలుకతో టక్కుమని, "నడు," అన్నాను.

అతను నడిచాడు.